ఎదుటి పక్షం

లిఫ్టులు బాగుచేసేవాడికి దేవుడి గురించి వాదించుకునే తీరిక ఎక్కడిదని అనుకుంటారు గానీ, ఆ ఉద్యోగంలో సగం ఎదురుచూపే. కరెంటు వచ్చేదాకా, సామాను అందేదాకా, భవనం మేనేజరు తాళంచెవి వెతికి తెచ్చేదాకా పైకప్పు కింద మోటారు గదిలో గ్రీజు వాసన పీలుస్తూ కూర్చోవాలి. అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం మన మెకానిక్కుకు తల కొట్టేసినట్టయింది.

అతనితో జోడీగా పనిచేసేవాణ్ణి కంపెనీలో అందరూ లాయరు అంటారు. వాడు ఏ లా కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. ఎవరు ఏ మాటన్నా దానికి ఎదురుమాట పెట్టనిదే వాడికి ముద్ద దిగదు, అందుకని ఆ పేరు. ఆ రోజు టిఫిన్ డబ్బా మూత తీస్తూ మెకానిక్కు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. అతను కళ్ళు తెరిచేదాకా ఆగి లాయరు మొదలుపెట్టాడు.

"మీ దేవుడు సమాధిలోంచి లేచాడంటావు కదా. ఎవరు చెప్పారు?"

"గ్రంథంలో ఉంది."

"గ్రంథంలో ఉన్నది నిజమని ఎవరు చెప్పారు?"

"గ్రంథంలోనే ఉంది," అన్నాడు మెకానిక్కు. అంటుండగానే ఎక్కడో మెలికపడిందని అతనికీ తెలిసింది.

లాయరు పెద్దగా నవ్వలేదు కూడా. "బాగానే ఉంది. రిపేరు చేసినవాడే తనిఖీ కాగితం మీద సంతకం పెట్టుకున్నట్టుంది. అలాంటి లిఫ్టు నువ్వెక్కుతావా?" అని తినడంలో పడ్డాడు.

మెకానిక్కు పుట్టిన దగ్గర్నుంచి సంఘంలో పెరిగినవాడు. పాటల బృందంలో పాడినవాడు, కానుకల సంచీ పట్టుకుని వరసల మధ్య తిరిగినవాడు. అలాంటివాడికి ఒక్క జవాబు తోచలేదు. నడిబజారులో ఎవరో తన తల్లిని తిడుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది. ఆ సాయంత్రమే తిన్నగా పాస్టరు ఇంటికి వెళ్ళి, "అయ్యగారూ, నేను నమ్మేదాన్ని ఎందుకు నమ్ముతున్నానో నాకే తెలీదండి," అన్నాడు.

పాస్టరు సంతోషించాడు. దీనికో చదువే ఉందనీ, విశ్వాస సమర్థన అంటారనీ, నమ్మినదానికి కారణాలు వెతికి కాదన్నవాళ్ళకు నిదానంగా చెప్పగలగడమే దాని పని అనీ వివరించి, రెండు లావుపాటి పుస్తకాలు చేతిలో పెట్టాడు. ఫోన్లో వినడానికి పాఠాలు కూడా పంపించాడు.

ఇంట్లో చదువుకోవడానికి చోటు కావాలి. ముందు గది ఖాళీగా ఉంది. అత్తగారు చివరి సంవత్సరాలు ఆ గదిలోనే గడిపి, ఆ గదిలోనే కన్నుమూసింది. మెకానిక్కు ఒక సెలవురోజు మంచం విప్పి అటక ఎక్కించాడు, కిటికీ దగ్గర బల్ల వేశాడు, గోడకు అర బిగించాడు. పనిమంతుడు కదా, భార్య బజారునుంచి వచ్చేసరికి గది గుర్తుపట్టలేనట్టు తయారైంది. ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి, "బాగుందండీ," అని లోపలికి వెళ్ళిపోయింది.

చదవడం మొదలుపెట్టాక అతనికి ఒంట్లో కొత్త రక్తం ఎక్కినట్టయింది. ఖాళీ సమాధి గురించి, సాక్షుల గురించి, ప్రాణాలు పోతున్నా మాట మార్చని శిష్యుల గురించి, లోకానికి మొదలుండటం గురించి చదివాడు, వాక్యాల కింద వేలు పెట్టుకుని చదివాడు. అయితే చదివింది నోటికి రావాలంటే ఎదురుగా కాదనేవాడు ఒకడుండాలి. లాయరు ముందు తొందరపడి మళ్ళీ బోర్లాపడటం అతనికి ఇష్టం లేదు. అందుకని భార్యను ఎదుటి పక్షంలో కూర్చోబెట్టాడు.

ఆమె ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. కొత్తబట్టలు తక్కువ. ఒదులైనవి బిగించడం, బిగుతైనవి ఒదులు చెయ్యడం, పాత కుట్లు విప్పడం, ఇదే ఎక్కువ. చేతుల్లో పని ఆపకుండానే అతను రాసిచ్చిన చీటీలు చదివేది. మొదట్లో ఆ చదవడం ఎంత చప్పగా ఉండేదంటే, "నాస్తికుడు, రెండు చుక్కలు," అని కూడా పైకి చదివేసేది.

"అది చదవకూడదోయ్. నాస్తికుడివి నువ్వే."

"ముందే చెప్పొద్దూ," అని గొంతు సవరించుకునేది.

ఓడినవాళ్ళు టీ పెట్టాలని పందెం. పందెం లేకపోయినా ఆ ఇంట్లో టీ పెట్టేది ఆమే కాబట్టి గెలుపు వల్ల అతనికి కొత్తగా కలిసొచ్చిందేమీ లేదు, గెలిచానన్న మురిపెం తప్ప.

కొన్నాళ్ళకు ఆమె చీటీలు చూడటం మానేసింది. ఒకరోజు ఎవరిదో చొక్కా చెయ్యి కుదిస్తూ, "జబ్బు తగ్గినవాళ్ళు మైకు ముందుకొచ్చి సాక్ష్యం చెప్తారు. తగ్గనివాళ్ళ సంగతి ఎవరు చెప్పాలి?" అంది.

మెకానిక్కు కుర్చీలో ఎగిరి కూర్చున్నాడు. "భలే అడిగావే. ఎక్కడ పట్టుకొచ్చావు?"

"ఊరికే తట్టింది."

"అలా అడగాలి. ఇప్పుడు దారిలో పడ్డావు," అని, గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పాడు. ఇంకోసారి ఆమె, వినేవాడు ఉన్నాడని నమ్మడానికీ, ఉంటే బాగుండునని అనుకోవడానికీ తేడా ఎలా తెలుస్తుందని అడిగింది. దానికి అతను అప్పటికప్పుడు చెప్పలేక, పాఠాలన్నీ మళ్ళీ విని, జవాబు దొరకగానే ఆమె దగ్గరికి పరిగెత్తాడు. ఆ సమయంలో ఆమె నోటినిండా గుండుసూదులున్నాయి. జవాబంతా విని ఏమీ అనలేదు. నోరు మూయించానని అతను పొంగిపోయాడు.

లాయరుతో రెండో విడత వాదన కూడా జరిగింది. మెకానిక్కు ఈసారి తడుముకోలేదు, ఒకదాని మీద ఒకటి కారణాలు పేర్చాడు. లాయరు అంతా విని, "సరే, గెలిచావు. ఆ స్పానరు ఇటు పడెయ్," అన్నాడు. గెలుపు ఇంత చిన్నదిగా ఉంటుందని అనుకోకపోవడం వల్ల మెకానిక్కుకు ఆకలి తీరనట్టు ఉండిపోయింది. అది గమనించినట్టే పాస్టరు ఒక మాట తెచ్చాడు. యువతీయువకుల కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రత్యేక కూడిక పెడుతున్నామనీ, ఇంట్లో మీరిద్దరూ చేస్తున్నదే అక్కడ చేసి చూపించాలనీ.

"నేనెందుకండీ? లాయరు గారిని పిలవండి, నిజంగా కాదనేవాళ్ళే కూర్చుంటారు," అంది భార్య.

"వాడికి మన పద్ధతి తెలీదు. నీకైతే ఎక్కడ ఆపాలో తెలుసు," అన్నాడు మెకానిక్కు. అది మెచ్చుకోవడమేననుకున్నాడు.

ఆ రోజు హాలు నిండింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కొందరు గోడవారగా నిలబడ్డారు. వేదిక మీద ఎదురెదురుగా రెండు కుర్చీలు, రెండు మైకులు. "సిస్టర్ గారు ఈ ఒక్కరోజుకీ నాస్తికురాలు, ఎవరూ కంగారుపడకండి," అని పాస్టరు అనగానే అందరూ నవ్వారు. ఆమె చీటీలు చూసి ఒక్కో ప్రశ్నా అడిగింది, అతను ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. బట్టలుతికి ఆరేసినంత తేలిగ్గా సాగిపోయింది. చీటీలు అయిపోయాయి. ఇంకా సమయముంది, సిస్టర్ గారు మరొకటి అడగవచ్చునన్నాడు పాస్టరు.

ఆమె చీటీలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఒకావిడ ఉంది. చిన్నప్పట్నుంచి నమ్మినావిడ. కీర్తనలన్నీ నోటికొచ్చు. ముసలితనంలో మతిమరుపు జబ్బొచ్చింది. ముందు మనుషుల్ని మర్చిపోయింది. తర్వాత దేవుణ్ణి మర్చిపోయింది. పేరు చెప్తే, ఆయనెవరు, మనింటికెందుకొస్తాడు అని అడిగింది. అంతకాలం ఆవిడ దగ్గరున్న నమ్మకం ఏమైనట్టు? అది తల్లో ఒక మూల ఉండేదేనా, ఆ మూల చెడిపోతే అదీ పోయిందా?"

ఆ ఒకావిడ ఎవరో హాల్లో సగంమందికి తెలుసు. మెకానిక్కుకు తెలియకుండా ఎలా ఉంటుంది. కానీ ఆ క్షణంలో అతని మనసు అత్తగారి దగ్గరికి వెళ్ళలేదు. మెదడు గురించిన పాఠం దగ్గరికి వెళ్ళింది. దీనికి నా దగ్గర జవాబుందని లోపల ఏదో గంతేసింది.

"రేడియో చెడిపోయిందనుకోండి," అన్నాడు జనం వైపు తిరిగి. "పాట ఆగిపోతుంది. అంటే పాడేవాళ్ళు పోయారనా? స్టేషను మూసేశారనా? పాట వస్తూనే ఉంది. పట్టుకునే పెట్టె పాడైంది, అంతే."

చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఎవరో స్తోత్రం అన్నారు. భార్య మైకు కింద పెట్టలేదు.

"రేడియోకి భయం వెయ్యదు కదండీ," అంది.

అతని దగ్గర దానికి ఏ పాఠమూ లేదు. లేదన్న సంగతి హాల్లో వాళ్ళు పసిగట్టేలోపే నోరు తన పని తాను చేసుకుపోయింది. జనానికి చేతులు జోడించి, "దీనికి మాత్రం ఇంటికెళ్ళాక వంటింట్లో చెప్తానండి. ఇక్కడే గెలిస్తే ఇవాళ నాకు భోజనం పుట్టదు," అన్నాడు.

హాలు గొల్లుమంది. పాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె మైకు కుర్చీ చేతి మీద మెల్లిగా ఆనించి, చీటీలు సర్దుకుని, నవ్వుతూనే కిందికి దిగింది. ఇంటికెళ్ళే దారిలో ఆమె ఎక్కువ మాట్లాడలేదు. అలిసిపోయిందనుకున్నాడు. వంటింట్లో చెప్తానన్న జవాబు ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

మర్నాటికల్లా ఎవరో తీసిన వీడియో సంఘంలో అందరి ఫోన్లకీ చేరింది. మెకానిక్కు దాన్ని దాచుకుని, వ్యానులో భోజనాల వేళ లాయరుకు చూపించాడు. రేడియో మాట మీద వాడు ఏదో ఒకటి అంటాడు, దానికి ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. లాయరు నములుతూ చివరిదాకా చూశాడు.

"చివర్న ఇంకోసారి పెట్టు," అన్నాడు.

పెట్టాడు. జనం నవ్వుతున్న చోట లాయరు గ్రీజు వేలితో ఆపాడు. అద్దం మీద మరక పడింది.

"ఇక్కడ ఆవిడ నటించట్లేదురా."

"అదంతా ప్రాక్టీసేరా. ఇంట్లో రోజూ..."

"మీ అత్తగారు పోయింది ఆ జబ్బుతోనే కదా? ఖననానికి నేనూ వచ్చాను."

ఇంకేమైనా అంటాడేమోనని మెకానిక్కు చూశాడు. ఏ మాటనీ ఊరికే వదలని మనిషి డబ్బా మూత పెట్టేసి, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత పైన మోటారు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు మెకానిక్కు ఆ చివరి ముక్క మళ్ళీ చూశాడు. అంతకుముందు ఎన్నిసార్లు చూసినా తన ముఖమే చూసుకున్నాడు. ఈసారి ఆమెను చూశాడు. అందరూ నవ్వుతుంటే ఆమె అతని వైపు చూడటం లేదు. జనాన్ని వరసవరసగా చూస్తోంది, నవ్వనివాళ్ళు ఒక్కరైనా ఉన్నారేమోనని వెతుకుతున్నట్టు. ఎవరూ దొరకలేదు కాబోలు, అప్పుడు నవ్వు తెచ్చి ముఖానికి పెట్టుకుంది. ఆ పెట్టుకోవడం స్పష్టంగా కనిపించింది. కింద నుంచి లాయరు "ఇప్పుడు వెయ్యి" అని రెండుసార్లు అరిస్తేగానీ స్విచ్చు వెయ్యలేదు.

ఆ సాయంత్రం ఇల్లు చేరడానికి ఎన్నడూ లేనంత చుట్టుదారి పట్టాడు. వచ్చేసరికి ఆమె ముందు గదిలో నేల తుడుస్తోంది. బల్ల కాళ్ళ పక్కనే మంచంకోళ్ళు ఆనిన చోట నేల రంగు వేరుగా ఉంది. ఆ మచ్చలు రోజూ తన కాళ్ళ కిందే ఉన్నాయి.

"ప్రాక్టీసులో అడిగినవి..." అన్నాడు. "అవి నీవేనా?"

ఆమె గుడ్డ పిండుతూ, "మొదట్లో మీరు రాసిచ్చినవి. తర్వాత నావి," అంది.

"ఎప్పట్నుంచి?"

"మీరు భలే అడిగావన్న దగ్గర్నుంచి అనుకోండి."

"మరి నాతో మామూలుగా అనొచ్చుగా?"

"మామూలుగా అంటే మీరు కంగారుపడి అయ్యగారికి ఫోను చేస్తారు. నాస్తికుడి పేరు మీద అడిగితే కూర్చుని వింటారు కదాని."

అతను కుర్చీ లాక్కుని కూర్చోబోయి, అది తను చదువుకునే కుర్చీ అని తట్టి, నిలబడిపోయాడు.

"అమ్మకి చివర్లో ప్రార్థనంటే భయం పట్టుకుంది," అంది ఆమె. "మీకు తెలీదు. అందరం కళ్ళు మూసుకునేసరికి, ఎందుకు మూసుకున్నారు, ఎవరొస్తున్నారు అని నా చెయ్యి పట్టుకుని వణికేది. అయ్యగారు ఇంటికొచ్చిన రోజు మంచం కింద దూరబోయింది. అంతమందిలో ఒక్కరైనా కళ్ళు తెరుచుకుని ఉంటే కాస్త కుదుటపడేది. అందుకని నేను మూసుకోవడం మానేశాను. ఇప్పటికీ మూసుకోను."

"ఇప్పటికీనా?"

"రోజూ మీ ఎదురుగానే కూర్చుంటాను కదండీ."

నిజమే. రోజూ భోజనానికి ముందు అతను కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన చేస్తాడు. బల్లకు అవతలి వైపు ఏం జరుగుతోందో ఒక్కనాడూ చూడలేదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతకంటే సిగ్గుచేటు ఏమిటంటే, ఆమె ఇంకా మాట్లాడుతుండగానే అతని లోపల జవాబులు లేచి వరస కట్టాయి. బాధ గురించి ఒకటి, మరపు గురించి ఒకటి, మనం మర్చిపోయినా మర్చిపోనివాడి గురించి ఒకటి. మూడూ చక్కగా కుదిరినవే, మూడూ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాడు. ఆ సాయంత్రం అతను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

కానీ ఊరుకోవడం చేతకాని మనిషి. తప్పు సరిదిద్దాలనుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన ముగిసే వేళకు పాస్టరు అనుమతి తీసుకుని ముందుకెళ్ళాడు. పోయినవారం నా భార్య నిజంగా అడిగిన ప్రశ్నను నేను నవ్వులపాలు చేశాను, దానికి నా దగ్గర జవాబు లేదు, లేదని చెప్పడానికి నామోషీ అయింది అని, తడబడుతూ చెప్పాడు. చెప్పాక భారం దిగుతుందనుకున్నాడు. జనం చుట్టూ మూగారు. ఒక పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని, "ఎంత తగ్గింపు మనసు బ్రదర్," అన్నాడు. ఎవరో కన్నీళ్ళు పెట్టుకున్నారు. పోయినవారం కంటే ఎక్కువగా మెచ్చుకున్నారు. ఒప్పుకోలు కూడా ఒక ప్రదర్శన అయిపోయిందని ఇంటి మెట్లెక్కుతుంటే అనిపించింది.

భార్య ఆ రోజు ఆరాధనకు రాలేదు, పని ఉందని ఆగిపోయింది. లోపలికి అడుగుపెట్టేసరికి ఫోను బల్ల మీద పెడుతోంది.

"వీడియో చూశాను. పాస్టరమ్మగారు పంపించారు."

"ఆహా."

"అందరికీ చెప్పారు. నాకింకా చెప్పలేదు."

వారమంతా మెకానిక్కు ఆ మాటల్ని సంఘం కోసం కూర్చుకున్నాడు. ఏ మాట ముందు, ఏ మాట వెనక అని మోటారు గదిలో చెప్పుకుని చూసుకున్నాడు కూడా. పక్క గదిలో ఉన్న మనిషితో అనాలన్న సంగతే తట్టలేదు. ఇప్పుడు ఒక్క వాక్యమూ రాలేదు.

"తప్పయిందే," అన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

"సరే, బూట్లు విప్పండి. నేల తడిగా ఉంది," అంది.

ఆ తర్వాత ఆమె చాలా ఆదివారాలు ఆరాధనకు రాలేదు. సంఘంలో అడిగితే ఒంట్లో బాగాలేదని అతను రెండుమూడుసార్లు చెప్పబోయాడు గానీ, రావాలనిపించలేదట అని ఉన్నదే చెప్పాడు. పాస్టరు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తానంటే, "ఇప్పుడొద్దండి అయ్యగారూ, తనే పిలిచినప్పుడు రండి," అన్నాడు. పాస్టరు చిన్నబుచ్చుకున్నాడేమో తెలియదు, సరేనన్నాడు. మెకానిక్కు చదువు మానలేదు, కాస్త తగ్గించాడు. లాయరు అప్పుడప్పుడు గోకేవాడు. అతను తెలిసినది చెప్పేవాడు, తెలియనిది తెలియదనేవాడు. తెలియదన్న ప్రతిసారీ ముఖం కొంచెం మాడేది. అది అలవాటు కాలేదు.

"అమ్మ సంగతులు చెప్పు," అని ఒకసారి భార్యను అడిగాడు.

"ఇవాళ కాదండీ," అంది. మళ్ళీ అడగడానికి ముఖం చెల్లలేదు.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి ఆమె ఎవరిదో పాత కోటు ముందేసుకుని కుట్లు విప్పుతోంది. అతను బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి నడుస్తుంటే తల ఎత్తకుండానే అంది.

"అమ్మ ఒకసారి మిమ్మల్ని కరెంటు మీటరు చూసేవాడనుకుంది, తెలుసా?"

అతను ఉన్నచోటే ఆగిపోయాడు. కూర్చుంటే ఆమె ఆపేస్తుందేమోనని భయమేసి, బూట్లు చేతిలో ఉండగానే నిలబడ్డాడు.

"తలుపు చప్పుడవగానే లైట్లన్నీ ఆర్పించేసింది. మాట్లాడకు, కాసేపుంటే వాడే పోతాడు అని నా నోరు మూసింది. చీకట్లో ఇద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చాం. ఎందుకు నవ్వుతున్నామో ఆవిడకి తెలీదు, నేను నవ్వుతున్నానని నవ్వింది." దారం ముక్కలు ఒళ్ళోంచి దులుపుకుంది. "నిజంగానే మీరు బట్టలు మార్చుకుని వెళ్ళిపోయారు. రెండో డ్యూటీకి."

మెకానిక్కు ఇది చెప్పకుండా దాటిపోవచ్చు. ఎవరూ అడగలేదు.

"ఆ డ్యూటీలు కంపెనీ వెయ్యలేదు," అన్నాడు. "నేనే అడిగి వేయించుకున్నాను. ఇంటికి రావాలంటే భయమేసేది."

కత్తెర ఆగింది.

"తెలుసు," అంది ఆమె.

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. క్షమించమని అడిగే మాట కూడా తన కోసమే అడుగుతున్నట్టుంటుందేమోనని నోరు రాలేదు.

"ఆ బూట్లు అక్కడ పెట్టి ఇలా రండి," అంది ఆమె. "ఈ చెయ్యి పట్టుకోండి. గట్టిగా లాగకండి, గుడ్డ పాతది."

అతను వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుని కోటు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కుట్టు తర్వాత కుట్టు తెంపుతూ, వాళ్ళమ్మ అన్నం తినడం ఎలా మర్చిపోయిందో చెప్పడం మొదలుపెట్టింది.